గోడ మీద ఏడాది: అమెరికన్ పిన్అప్ బొమ్మల ఆకర్షణ

(స్మారకోపన్యాస పాఠం)



ఈ వేదిక మీద ఇంతకు ముందు పెద్దలు ఆలయ శిల్పం గురించి, అజంతా గురించి, ఆధునిక చిత్రకళ గురించి మాట్లాడారు. నేను అమెరికా క్యాలెండరు బొమ్మల గురించి, అందులోనూ పిన్అప్ బొమ్మల గురించి, అంటే గోడకు గుచ్చుకునే అమ్మాయిల బొమ్మల గురించి, మాట్లాడతానని చెబితే నిర్వాహకుల్లో ఒకరు కాస్త తటపటాయించి, "సభకి ఆడపిల్లలు కూడా వస్తారండీ" అన్నారు. వాళ్లొస్తేనే మాట్లాడతానన్నాను. ఈ బొమ్మల గురించి మగవాళ్లు మగవాళ్లతో మాట్లాడుకున్నది చాలు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా ఆర్డరు మీద బొమ్మలు వేశారు. సైన్‌బోర్డులు, పుస్తకాల అట్టలు, సబ్బు ప్రకటనలు, శుభలేఖలు, ఏది అడిగితే అది. గ్యాలరీలో వేలాడితేనే బొమ్మ అనేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. ఆయన పేరిట జరిగే సభలో, ఆర్డరు మీద పుట్టి, అచ్చయి, గోడకెక్కి, ఏడాది తిరిగేసరికి చెత్తబుట్టలో పడ్డ బొమ్మల గురించి మాట్లాడితే ఆయన కాదనరని నా నమ్మకం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిన్అప్ బొమ్మ మనల్ని ఆపేది ఒంటి మీద బట్ట తక్కువై కాదు. బట్టల్లేని బొమ్మలు అంతకు ముందూ ఉన్నాయి, తర్వాత ఇంకా ఎక్కువ వచ్చాయి. వాటిలో నూటికి తొంభై ఎవరికీ గుర్తు లేవు. పిన్అప్ వేసే చిత్రకారుడికి మూడు షరతులుండేవి. బొమ్మ ఏడాది పాటు గోడ మీద ఉండాలి. రోజూ చూసినా మొహం మొత్తకూడదు. దాన్ని పంచిపెట్టిన దుకాణం పరువు పోకూడదు. ఆ బొమ్మల అందం ఈ షరతుల్లోంచి వచ్చింది. వాటి లోపాలూ ఈ షరతుల్లోంచే వచ్చాయి.

గోడకెక్కిన తొలి అమ్మాయి

పత్రికలో వచ్చిన ఆడపిల్ల బొమ్మను కత్తిరించి గోడకు గుచ్చుకోవడం అమెరికాలో 1890ల నాటికే ఉంది. చార్లెస్ డానా గిబ్సన్ అనే ఆయన 'లైఫ్' పత్రికకు కలంతో, నల్ల సిరాతో బొమ్మలు వేసేవాడు. తర్వాతి కాలంలో ఫొటోలకు పేరుపడ్డ లైఫ్ వేరు, ఇది అంతకు ముందు అదే పేరుతో నడిచిన హాస్య పత్రిక. జుట్టు పైకెత్తి ముడివేసుకుని, మెడ నిటారుగా నిలిపి, సైకిలు తొక్కుతూ, చుట్టూ మూగిన మగవాళ్లను ఓరకంట అంచనా వేసే అమ్మాయి ఆయన సృష్టి. ఆమెను 'గిబ్సన్ గర్ల్' అన్నారు. బ్రహ్మచారుల గదుల కోసం ఆమె మొహాలతో గోడకు అంటించే కాగితం కూడా అచ్చయింది. మెడ నుంచి మడమ దాకా నిండుగా కప్పుకున్న మనిషి ఆమె. అయినా గోడకెక్కింది. కారణం ఆమె చూపు. ఆమె ఊరికే చూపించుకోదు, ఎదుటివాణ్ణి చూస్తుంది కూడా. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు హోవర్డ్ చాండ్లర్ క్రిస్టీ నావికాదళంలో చేరమని పిలిచే పోస్టరు వేశాడు. అందులో ఒక అమ్మాయి నావికుడి యూనిఫారం తొడుక్కుని నవ్వుతూ, నేను మగాణ్ణయితే చేరేదాన్నే అంటుంది. ఆడపిల్ల బొమ్మతో పత్రికే కాదు, యుద్ధమూ అమ్ముడవుతుందని ప్రభుత్వానికి అప్పుడు తెలిసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1913లో, పాల్ షబా అనే ఫ్రెంచి చిత్రకారుడి 'సెప్టెంబర్ మార్న్' నకలు న్యూయార్క్‌లో ఒక దుకాణం అద్దాల వెనక కనిపించింది. నీళ్లలో నిలబడ్డ నగ్న బాలిక బొమ్మ. నీతి పరిరక్షణకు కంకణం కట్టుకున్న ఆంథొనీ కామ్‌స్టాక్ దాన్ని తీసెయ్యమన్నాడు. ఆ గొడవతో దాని నకళ్లు దేశమంతా పాకాయి. అచ్చాఫీసులవాళ్లు నేర్చుకోవలసింది నేర్చుకున్నారు.

క్యాలెండరు వ్యాపారం

మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో 1896లో బ్రౌన్ అండ్ బిగెలో అనే కంపెనీ మొదలైంది. ఇంకొకరి దుకాణం పేరు అచ్చేసిన వస్తువులు చేసి ఆ దుకాణానికే అమ్మడం దాని పని. క్యాలెండర్లు, పేకముక్కలు, సిరా అద్దుకునే బ్లాటింగ్ కాగితాలు అందులో ముఖ్యం. మన ఊళ్లో బట్టల కొట్టువాళ్లు, నగల దుకాణాలవాళ్లు కొత్త సంవత్సరానికి క్యాలెండరు చుట్టి చేతిలో పెడతారే, అదే పద్ధతి. అక్కడ ఇచ్చేది కారు మెకానిక్కులు, పనిముట్ల దుకాణాలవాళ్లు, కలప అడితీలవాళ్లు.

ఈ కంపెనీ కథే ఒక నవల. అధిపతి హెర్బర్ట్ బిగెలో ఆదాయపు పన్ను ఎగ్గొట్టిన నేరానికి లెవెన్‌వర్త్ జైలుకు వెళ్లాడు. అక్కడ మాదకద్రవ్యాల కేసులో ఉన్న చార్లెస్ వార్డ్ పరిచయమయ్యాడు. విడుదలయ్యాక వార్డ్‌ను బిగెలో తన కంపెనీలోకి తీసుకున్నాడు. 1933లో బిగెలో నీళ్లలో మునిగి చనిపోతే కంపెనీ వార్డ్ చేతికొచ్చింది. ఆయన దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు. జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు పిలిచి పనిచ్చిన యజమానిగా కూడా ఆయనకు పేరుంది.

సేల్స్‌మన్ నమూనాల సంచి వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. ఆ సంచిలో అమ్మాయిల బొమ్మలు ఒక్కటే ఉండేవి కావు. నార్మన్ రాక్‌వెల్ వేసిన బాయ్ స్కౌట్లు ఉండేవాళ్లు. మాక్స్‌ఫీల్డ్ పారిష్ కొండలు, చెట్లు ఉండేవి. ఇదే కంపెనీ కోసం కాసియస్ కూలిడ్జ్ వేసిన పేకాడే కుక్కలు ఇవాళ్టికీ లోకమంతా తెలుసు. గ్యారేజీ యజమాని వీటన్నిటినీ తిరగేసి తన ఖాతాదారులకు ఏది నచ్చుతుందో అది ఎంచుకునేవాడు. అమ్మాయి బొమ్మ ఎంచుకుంటే దాని కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు, టెలిఫోను నంబరు పడేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. బొమ్మ కింద పేరున్న పెద్దమనిషి ఆదివారం చర్చికి వెళ్తాడు. పాస్టరు గారి కారు కూడా ఆయన గ్యారేజీకే వస్తుంది. కాబట్టి బొమ్మలో కొంటెతనం ఉండాలి, రోత ఉండకూడదు. రెండో సంగతి క్యాలెండరు తయారీది. పన్నెండు పేజీల రకం ఉన్నా, చాలా ప్రచారంలో ఉన్నది పైన ఒక్క పెద్ద బొమ్మ, కింద నెలల కట్ట ఉన్న రకం. నెలల కాగితాలు చింపుకుంటూ పోయినా పై బొమ్మ మారదు. జనవరిలో ముచ్చటపడ్డ బొమ్మ ఆగస్టులోనూ అక్కడే ఉంటుంది. పత్రికలో బొమ్మ ఒక్క చూపు లాగితే చాలు. క్యాలెండరు బొమ్మ 365 చూపులకు నిలవాలి.

ఎల్వ్‌గ్రెన్ కిటుకు

ఈ పరీక్షలో అందరికన్నా బాగా నెగ్గినవాడు గిల్ ఎల్వ్‌గ్రెన్. 1914లో సెయింట్ పాల్‌లోనే పుట్టాడు. షికాగోలోని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. 1937 నుంచి లూయీ డౌ అనే క్యాలెండరు కంపెనీకి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి 1972 దాకా బ్రౌన్ అండ్ బిగెలోకి పనిచేశాడు. 1980లో చనిపోయాడు.

ఆయన బొమ్మల్లో ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. కుక్కపిల్ల గొలుసు కాళ్లకు చుట్టుకుంటుంది. కంచె దాటుతుంటే గౌను కొస ముల్లుకు తగులుకుంటుంది. గాలి ఒక్కసారి విసురుగా వస్తుంది. చేప గాలానికి చిక్కవలసింది చేపైతే చిక్కింది తన బట్టే. అది ఒక్క సెకను దృశ్యం. దాని ముందేం జరిగిందో, తర్వాతేం జరగబోతుందో చూసేవాడు ఊహించుకోవాలి. కథ సగంలో ఆగింది గనకనే కన్ను మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్తుంది.

నన్నడిగితే అసలు సంగతి మొహంలో ఉంది. ఎల్వ్‌గ్రెన్ అమ్మాయి కనుబొమలు పైకి లేస్తాయి, నోరు కొంచెం తెరుచుకుంటుంది. సిగ్గుతో చచ్చిపోతున్నట్టు ఉండదు. "చూశావా, ఎలా అయిందో!" అని మనతో కలిసి నవ్వబోతున్నట్టు ఉంటుంది. ఇదే కాలంలో ఆర్ట్ ఫ్రాం అనే చిత్రకారుడు నడివీధిలో, చేతుల నిండా సరుకుల సంచులుండగా లోదుస్తు జారిపోయిన ఆడవాళ్లను వరసగా వేశాడు. చుట్టూ మగవాళ్లు గుడ్లప్పగించి చూస్తుంటారు, ఆమె బిక్కమొహం వేస్తుంది. జోకు అదే, రంగుల్లో పనితనమూ ఉంది. అయినా ఒకటి చూశాక రెండోది చూడబుద్ధి కాదు. ఎల్వ్‌గ్రెన్ బొమ్మల్లో మగవాడు దాదాపు కనిపించడు. ఆమెను ఎగతాళి చెయ్యడానికి అక్కడెవరూ లేరు. ఉన్నది మనం. మనతో ఆమె ఎలా ఉందన్నదే ఆ బొమ్మ.

ఇక రంగు సంగతి. ఎల్వ్‌గ్రెన్‌కు ఆదర్శం హాడన్ సండ్‌బ్లమ్. 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో బుగ్గలు ఎర్రబారిన శాంటాక్లాజ్‌ను వేసింది ఈయనే. నూనెరంగును చిక్కగా, నున్నగా, ఎండ పడ్డట్టు మెరిసేలా పరిచే ఈ షికాగో బృందాన్ని వృత్తిలోనివాళ్లు సరదాగా 'మయొనేజ్ బడి' అనేవాళ్లు. ఎల్వ్‌గ్రెన్ కూడా కోకాకోలాకు పనిచేశాడు. శాంటా బుగ్గ, శీతల పానీయం తాగే అమ్మాయి బుగ్గ, క్యాలెండరు అమ్మాయి మోకాలు, మూడూ ఒకే రంగుల పలక మీంచి వచ్చాయి. అవి ఆరోగ్యాన్ని, హుషారును అమ్మే రంగులు. అందుకే గ్యారేజీ యజమానికి ఆ బొమ్మ కింద తన పేరు చూసుకోవడం తప్పనిపించలేదు.

పని పద్ధతి ఇది. ముందు ఊహ పుట్టేది. తర్వాత మోడల్‌ను, కావలసిన సామాను, కుర్చీ, నిచ్చెన, టెలిఫోను అన్నీ పెట్టి స్వయంగా ఫొటోలు తీసుకునేవాడు. వాటిని ముందుంచుకుని 30 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల వెడల్పున్న కాన్వాసు మీద నూనెరంగుల్లో వేసేవాడు. ఫొటోనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తే పనితనం బయటపడుతుంది. కాళ్లు కొంచెం పొడుగవుతాయి, నడుము సన్నబడుతుంది, కళ్లు పెద్దవవుతాయి, నిచ్చెన అనవసరపు మెట్లు మాయమవుతాయి. వెనకాల ఒకే రంగు పరిచి ఊరుకుంటాడు. నీడలు పల్చగా, వెలుగులు దట్టంగా ఉంటాయి. నీడ అంచున మాత్రం చర్మం ఒక వెంట్రుకవాసి ఎర్రగా వెచ్చబడుతుంది. అచ్చులో సగానికి తగ్గినా చెడనిది ఆ వెచ్చదనం.

నున్నటి దారి

క్యాలెండరు పక్కనే పత్రిక దారి ఉంది. 1933 శరత్కాలంలో 'ఎస్క్వైర్' అనే ఖరీదైన పురుషుల పత్రిక మొదలైంది. మొదటి సంచిక నుంచే జార్జ్ పెటీ బొమ్మలు అందులో ఉన్నాయి. ఆయన తండ్రికి షికాగోలో ఫొటో స్టూడియో ఉండేది. ఫొటోలను సరిదిద్దడానికి వాడే ఎయిర్‌బ్రష్‌ను, అంటే గాలితో రంగును పొగలా చిమ్మే పరికరాన్ని, పెటీ అక్కడే పట్టడం నేర్చాడు. ఆయన అమ్మాయి చర్మం మీద కుంచె గీత కనిపించదు. ఆమె చేతిలోని టెలిఫోనుకు మాత్రం ఉత్త గీతలే గీసి వదిలేస్తాడు. ఒకటి నిజం, ఒకటి సైగ. ఆ తేడా వల్ల ఆమె కాగితంలోంచి పైకి లేచినట్టుంటుంది. ఆయనకు మోడళ్లు మొదట భార్య, తర్వాత కూతురు.

పెటీ జీతం దగ్గర పేచీలు పెడుతుంటే పత్రిక 1940లో అల్బెర్టో వర్గాస్‌ను తెచ్చింది. పెరూ దేశంలోని అరెకిపాలో 1896లో పుట్టినవాడు. 1916లో న్యూయార్క్ చేరాడు. జీగ్‌ఫెల్డ్ నాటకశాలకు తారల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. నీటిరంగులు పొర మీద పొర వేసి, ఆ పైన ఎయిర్‌బ్రష్‌తో చర్మాన్ని తేల్చేవాడు. పత్రికవాళ్లు ఆయన పేరు చివరి అక్షరం తీసేసి 'వర్గా గర్ల్' అన్నారు. ఆయన ఒప్పుకున్నాడు. 1944లో ఏడాదికి 52 బొమ్మలివ్వాలన్న ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నెలకు నాలుగు పైచిలుకు. అదీ పొర మీద పొర వేసే మనిషి. చివరికి గొడవ కోర్టుకెక్కింది. కింది కోర్టులో గెలిచినా పై కోర్టులో ఓడిపోయాడు. 'వర్గా' అన్న పేరు పత్రికకే మిగిలింది. ఈ గొడవ నడుస్తుండగానే ఆయన బొమ్మలనే ఆయన పేరు తీసేసి 'ఎస్క్వైర్ గర్ల్' అని అచ్చేశారు. దాని మీద వేసిన దావాలో, ఒప్పందంలో హక్కులన్నీ ఇచ్చేశాక పేరు వెయ్యమని అడిగే హక్కు చిత్రకారుడికి ఉండదని 1947లో అప్పీలు కోర్టు తేల్చింది. కళాకారుడి నైతిక హక్కుల గురించి చదివే న్యాయ విద్యార్థులకు ఈ తీర్పు ఇప్పటికీ పాఠం.

యుద్ధం, తపాలా, కోర్టు

రెండో ప్రపంచ యుద్ధం ఈ బొమ్మలకు గ్యారేజీ గోడలు కాక వేరే గోడలిచ్చింది. ఓడల్లో పడకల పక్కన, గుడారాల్లో, పెట్టెల మూతల లోపల అవి వేలాడాయి. అన్నిటికన్నా పెద్ద గోడ బాంబర్ విమానం ముక్కు. 'మెంఫిస్ బెల్' అనే బి-17 విమానం పైలట్ రాబర్ట్ మోర్గన్, మెంఫిస్ నగరంలోని తన ప్రియురాలిని తలుచుకుంటూ ఆ పేరు పెట్టాడు. దాని మీది అమ్మాయి 1941 ఏప్రిల్ ఎస్క్వైర్‌లో పెటీ వేసిన బొమ్మ. ఇంగ్లండ్‌లోని స్థావరంలో టోనీ స్టార్సర్ అనే సైనికుడు దాన్ని విమానం రెండు వైపులా వేశాడు. ఒక వైపు ఈత దుస్తులు నీలం, ఇంకో వైపు ఎరుపు. ఆ విమానం 1943 మే నెలలో 25 దాడులు పూర్తి చేసుకుని బతికి బయటపడింది. ఐరోపా మీద ఎగిరిన సిబ్బందిలో చాలామంది పోతున్న రోజులవి, 25 అంటే పునర్జన్మ. ఇప్పుడది ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. 2018లో బాగుచేసి ప్రదర్శనకు పెట్టారు.

ఈ మాట చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఆ నవ్వే అమ్మాయి కింద బాంబులున్నాయి, ఆ బాంబుల కింద ఊళ్లున్నాయి. ఇంటి మీద బెంగ ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఆ బొమ్మ ఏం చెప్పిందో అర్థం చేసుకోవచ్చు. అది పెయింటింగు చరిత్రే గానీ అమాయకపు చరిత్ర కాదు.

అదే కాలంలో ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పీక్కోబోయింది. సైనికులకు ఎస్క్వైర్ కట్టలు కట్టలుగా వెళ్తుండగానే, 1943లో పోస్ట్‌మాస్టర్ జనరల్ ఫ్రాంక్ వాకర్ ఆ పత్రికకు తక్కువ తపాలా రేటు రద్దు చేశాడు. విచారణ జరిపిన బోర్డు అక్కర్లేదని చెప్పినా వినలేదు. రేటు పోతే పత్రికకు ఏడాదికి 5 లక్షల డాలర్ల అదనపు ఖర్చు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1946లో న్యాయమూర్తి విలియం డగ్లస్ రాసిన ఏకగ్రీవ తీర్పు పత్రిక పక్షాన వచ్చింది. ఏది మంచి సాహిత్యం, ఏది ప్రజాహితం అని తూచి తపాలా రేటు నిర్ణయించే అధికారం తపాలా శాఖకు లేదన్నది దాని సారం. వర్గాస్ బొమ్మల మీద మొదలైన పేచీ, పత్రికా స్వేచ్ఛ తీర్పుల్లో చోటు సంపాదించింది.

కుంచె పట్టిన స్త్రీలు

ఈ సభకు వచ్చిన అమ్మాయిల కోసం ముఖ్యంగా ఈ భాగం. ఈ రంగంలో స్త్రీలు మోడళ్లుగా మాత్రమే లేరు. జోయీ మోజర్ట్ 1907లో పుట్టింది. ఫిలడెల్ఫియాలో చిత్రకళ చదివింది, ఫీజుల కోసం మోడల్‌గా నిలబడింది. పాస్టెల్ రంగుల్లో సినిమా, కథల పత్రికలకు వందల ముఖచిత్రాలు వేసింది. తర్వాత బ్రౌన్ అండ్ బిగెలో ఆమెతో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. చాలాసార్లు అద్దం ముందు తానే నిలబడి, తన ఒంటినే చూసి వేసేది. చూసేదీ ఆమే, కనిపించేదీ ఆమే. హోవర్డ్ హ్యూస్ తన 'ది అవుట్‌లా' సినిమాకు జేన్ రసెల్ బొమ్మ వెయ్యమని ఆమెనే పిలిచాడు.

పెర్ల్ ఫ్రష్ షికాగోలో నీటిరంగుల్లో వేసేది. గీత తేటగా ఉంటుంది, అమ్మాయి పక్కింటి అమ్మాయిలా ఉంటుంది. ఎల్వ్‌గ్రెన్ స్నేహితురాలు జాయిస్ బాలంటైన్ కూడా అదే షికాగో బడి. 1959లో సన్‌టాన్ లోషన్ ప్రకటనకు ఆమె వేసిన బొమ్మ అమెరికాలో తెలియనివాళ్లు లేరు. చిన్నపిల్ల వెనక నుంచి కుక్కపిల్ల ఆమె ఈత దుస్తులు లాగుతూ ఉంటుంది. మోడల్ చిత్రకారిణి కూతురే.

అప్పటి ఆడవాళ్లు ఈ బొమ్మల గురించి ఏమనుకున్నారు? చరిత్రకారిణి జొయాన్ మేయరోవిట్జ్ ఆనాటి పాఠకులు పత్రికలకు రాసిన ఉత్తరాలు వెతికి చదివింది. ఇవి మాకు అవమానం అని రాసిన స్త్రీలున్నారు. ఇందులో తప్పేముంది, అందంగా ఉన్నాయి అని రాసిన స్త్రీలూ ఉన్నారు. ఆడవాళ్లందరిదీ ఒకే మాట అనుకోవడం మన సౌకర్యం కోసం మనం చేసుకున్న పని.

గోడ మీద లేనివాళ్లు

అందాన్ని ఇచ్చిన షరతులే లోపాలనూ ఇచ్చాయన్నాను కదా. దుకాణం పరువు కాపాడాలి గనక బొమ్మలోని అమ్మాయికి స్వయంగా కోరిక ఉండకూడదు. అంతా పొరపాటున జరగాలి. గాలి వల్ల, కుక్క వల్ల, ముల్లు వల్ల. తన ఒంటి మీద తనకే అదుపు లేనట్టు కనిపిస్తేనే ఆమె మంచి పిల్ల. వెయ్యి బొమ్మలు వరసగా చూస్తే నవ్వు తగ్గి ఈ సంగతి పైకి తేలుతుంది.

ఖాతాదారుడు తెల్లవాడు గనక అమ్మాయి తెల్లదే. అమెరికా ఆదివాసి వేషం వేసిన అమ్మాయిలు క్యాలెండర్ల నిండా ఉన్నారు, ఆ వేషం కింద ఉన్నది తెల్ల మోడలే. నల్లజాతి స్త్రీ అందం గోడకెక్కడానికి వాళ్ల సొంత పత్రికలు రావాల్సి వచ్చింది. 1951లో షికాగోలో జాన్ జాన్సన్ మొదలుపెట్టిన 'జెట్' వారం వారం ఒక అందగత్తె ఫొటో వేసింది. గీసిన క్యాలెండర్ల ప్రపంచంలో ఆమెకు చోటు దాదాపు లేదు.

వయసు, లావు సంగతీ అంతే. ఒక్క మినహాయింపు డువేన్ బ్రయర్స్ 'హిల్డా'. 1950ల చివర్లో ఆయన బొద్దుగా, ఎర్ర జుట్టుతో, ఎప్పుడూ ఏదో ఒకదానికి తట్టుకుని పడబోతూ, తనతో తానే హాయిగా ఉండే అమ్మాయిని బ్రౌన్ అండ్ బిగెలోకి ఇచ్చాడు. ఆమె దశాబ్దాలపాటు నడిచింది. లావైన అమ్మాయి అమ్ముడుపోదన్న నమ్మకం సరైంది కాదని కంపెనీ లెక్కల పుస్తకమే చెప్పింది. మిగతావాళ్లు ఎందుకు ప్రయత్నించలేదో వాళ్లకే తెలియాలి.

ఫొటో వచ్చాక

1953 డిసెంబరులో 'ప్లేబాయ్' మొదటి సంచిక వచ్చింది. అందులో ఉన్నది మార్లిన్ మన్రో, అదీ టామ్ కెలీ 1949లో క్యాలెండరు కోసం తీసిన ఫొటో. పేరు రాకముందు ఇదే అమ్మాయి నార్మా జీన్‌గా ఎర్ల్ మొరన్ అనే పిన్అప్ చిత్రకారుడికి మోడల్‌గా నిలబడింది. ఒకే మనిషి జీవితంలో బొమ్మ కాలం ముగిసి ఫొటో కాలం మొదలైంది. రంగుల ఫొటో చవకైంది, త్వరగా తయారవుతుంది, 'ఇది నిజం' అని చెబుతుంది. వర్గాస్ కూడా చివరికి అదే ప్లేబాయ్‌కి బొమ్మలు వేసి బతికాడు. సండ్‌బ్లమ్ 1972 డిసెంబరు సంచికకు ముఖచిత్రం వేశాడు.

ఫొటో గెలిచింది గానీ గోడ మీద నిలవడంలో గెలవలేదని నా అభిప్రాయం. ఫొటోలోని అమ్మాయి ఒక తేదీన, ఒక గదిలో ఉన్న మనిషి. గీసిన అమ్మాయికి తేదీ లేదు. ఆ కుక్క ఇంకా గొలుసు లాగుతూనే ఉంది. ఇది పాతకాలం మీద మమకారం కాదా అంటే, కొంత అదీ ఉంది. ఫోను కవర్ల మీద, పచ్చబొట్ల మీద ఇవాళ కనిపించే ఎల్వ్‌గ్రెన్‌లను కొనేవాళ్లలో చాలామందికి 1950ల అమెరికా ఒక అందమైన సెట్టింగు. అయితే ఆ కాలపు సోఫాలు, ప్రకటనలు అన్నీ ఇలా నిలవలేదు. ఆర్ట్ ఫ్రాం సరుకుల సంచులను సరదాకు గుర్తు చేసుకుంటారు, ఎల్వ్‌గ్రెన్‌ను చూసి చిత్రకారులు చర్మం వెయ్యడం నేర్చుకుంటారు. ఏడాది నిలవాలని కష్టపడి వేసిన పని డెబ్బై ఏళ్లు నిలిచింది.

మార్కెట్టు కూడా ఆలస్యంగా మేలుకుంది. చార్లెస్ మార్టినెట్, లూయీ మైసెల్ కలిసి 1996లో పెద్ద పిన్అప్ గ్రంథం తెచ్చారు. 2011లో ఎల్వ్‌గ్రెన్ బొమ్మ ఒకటి వేలంలో 2,86,800 డాలర్లు పలికింది. ఎస్క్వైర్ దగ్గరున్న వర్గాస్ మూలచిత్రాలు 1980లో కన్సాస్ విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరాయి. ఒకప్పుడు వాటికి ఈ గౌరవం లేదు. మూలచిత్రం కంపెనీ సొత్తు. ఎల్వ్‌గ్రెన్ వెళ్లిపోయాక డౌ కంపెనీ వాన్ బాస్ అనే ఇంకో చిత్రకారుడిని పెట్టి, ఎల్వ్‌గ్రెన్ పాత కాన్వాసుల మీదే బట్టలు, వెనక దృశ్యాలు మార్పించి మళ్లీ అచ్చేసింది.

ఇక్కడ కూర్చున్న వృత్తి చిత్రకారులకు ఈ మాట గుచ్చుకుని ఉంటుంది. మన సినిమా పోస్టర్లు, వారపత్రికల ముఖచిత్రాలు, క్యాలెండరు దేవతల మూలచిత్రాలు ఎన్ని అచ్చాఫీసుల అటకల మీద చెదపట్టి పోయాయో మీకు నాకన్నా బాగా తెలుసు. పోస్టరు డిజైనర్ ఈశ్వర్ గారు 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాశారు గనక ఆ కాలం గురించి మనకు కొంతైనా మిగిలింది. అందరూ రాయలేరు, రాయవలసిన అవసరమూ లేకుండా బొమ్మలే మిగలాలి.

ఆర్డరు మీద వేసిన బొమ్మను తక్కువ చూపు చూడొద్దు. నెత్తిన పెట్టుకోనూ వద్దు. దాన్ని ఎవరు కొన్నారు, ఏ గోడ కోసం కొన్నారు, ఆ గోడ మీదికి ఎవరిని రానివ్వలేదు అని అడగండి. ఆ తర్వాత దగ్గరికెళ్లి రంగు ఎలా వేశాడో చూడండి. రెండు పనులూ ఒకే మనిషి చెయ్యొచ్చు. ఆమాటకొస్తే మంచి ప్రేక్షకుడంటే ఆ రెండూ చేసేవాడే.

కుర్ర చిత్రకారులకు వర్గాస్ తరఫున మూడు విన్నపాలు. ఒప్పంద పత్రం చివరి దాకా చదవండి. మూలచిత్రం తిరిగి ఇమ్మని అడగండి. బొమ్మ కింద మీ పేరు, పూర్తిగా, అక్షరం తగ్గకుండా రాయండి.